తొమ్మిదో వాల్వుకి ఎవరిని పిలవాలి

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నేను పాఠాలు చెప్పే సత్తెనపల్లి కాలేజీలో పిల్లలకు తెలుసు, ఇంట్లో మా ఆయనకు తెలుసు, పొద్దున ఏడున్నర బస్సు కండక్టరుకు ఇంకా బాగా తెలుసు. మామూలుగా నా కోపం పాలపొంగు. రెండు నిమిషాల్లో దిగిపోతుంది. మా అత్తగారి మిరపతోట విషయంలో వచ్చింది మాత్రం ఇంకా దిగలేదు. దిగకూడదనే రాసిపెట్టుకుంటున్నాను.

మాది బెల్లంకొండ వైపు పల్లె. కృష్ణలోంచి నీళ్ళు తోడే లిఫ్టు ఒకటి ఉంది మాకు. నీళ్ళు భూమిలో పూడ్చిన పైపుల్లోంచి వస్తాయి. పద్నాలుగు చోట్ల వాల్వులున్నాయి, వాల్వుకొక కుటుంబం. ఒకసారికి ఒక్క వాల్వే తిప్పాలి, అందుకని వంతులు. ఒకళ్ళ గంటలు అయిపోగానే తర్వాతి వాళ్ళు అరగంటలోపు వచ్చి వాల్వు తిప్పుకోవాలి. రాకపోతే వంతు దాటిపోతుంది, మళ్ళీ ఎనిమిది రోజులకు గానీ రాదు. మధ్యలో కరెంటు పోతే గంటలు వెనక్కి జరుగుతాయి. కాబట్టి ఏ వంతు ఏ పూట వస్తుందో ముందుగా చెప్పగల మొనగాడు ఊళ్ళో లేడు.

తొమ్మిదో వాల్వు మా అత్తగారిది. మాది అనడం లేదు, ఆవిడదే. ఆవిడ పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒక ఊరే. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర అది. పాసుపుస్తకం మీద ఫొటో ఆవిడది, అందులో మిరపనారు పోసేది ఆవిడ, బోదెల మీద నాటేది, కలుపు తీసేది, కాయ కోసేది ఆవిడ. మా మామయ్య పండించే పంట రాజకీయం ఒక్కటే. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని సెంటర్లో టీ కొట్టు దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళకు లేస్తారు. ఎవరైనా "ఈ ఏడు తోటెట్టుందన్నా?" అని అడిగితే మాత్రం "ఇరగ కాసింది" అని మీసం మీద చెయ్యేస్తారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

వంతు వస్తుందనుకున్న రోజున అత్తయ్య తెల్లవారకముందే అన్నం గిన్నె కట్టుకుని వెళ్ళి వాల్వు పక్కన గట్టు మీద కూర్చునేవారు. ఒక్కోసారి సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాడు కూడా. అటు తోటలో కలుపు మోకాలెత్తు పెరుగుతుంటే ఇటు ఇనప చక్రానికి కాపలా. అది చూసే నాకు మొదట ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే లిఫ్టు ప్రెసిడెంటు మా ఇంటికి వచ్చారు. మామయ్యకు వరసకు అన్న అవుతారు, నేను పెదమామయ్యా అంటాను.

"అమ్మాయ్, నువ్వు కాలేజీలో కంప్యూటరు చెప్తావంట గదా. ఈ వంతులకి ఏదన్నా రాసిపెట్టరాదూ? పొద్దున లేస్తే ఈ కేకలు, కొట్లాటలు పడలేక చస్తన్నాం."

సంబరపడ్డాను. దాచుకోవడం ఎందుకు, చాలా సంబరపడ్డాను. పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాయడం మొదలుపెట్టాను. బొమ్మలూ బటన్లూ ఏమీ లేని ప్రోగ్రాం అది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. పంపుహౌసులో పాత కంప్యూటరుకు సిమ్ పెట్టే డాంగిల్ ఒకటి తగిలించాను. ఒక వంతు అయిపోగానే పంపు ఆపరేటరు ఒక మీట నొక్కుతాడు. కంప్యూటరు తర్వాతి వాళ్ళకు మిస్డ్ కాల్ ఇస్తుంది. వాళ్ళు వచ్చి వాల్వు తిప్పుకున్నాక, మీటరులో ముల్లు కదలడం చూసి ఆపరేటరు ఇంకో మీట నొక్కుతాడు. ఇంతే పని.

ఇక్కడ కాలేజీ సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అక్కడే ఉంది. మూడో ఏడాది పిల్లలకు నేను కాల్‌బ్యాక్ అనే పాఠం చెబుతాను. ప్రోగ్రాం పెద్దదైతే దాన్ని వేరు వేరు ఫైళ్ళుగా రాస్తాం. ఒక ఫైలు తన పని ముగించాక ఇంకో ఫైలులో ఉన్న పనిని పిలవాలి. ఎలా పిలవాలన్నదే పాఠం. దానికి నేను కుక్కరు కథ చెబుతాను. "పప్పు కుక్కరు మీ పక్కింటి పిన్ని పొయ్యి మీద పెట్టి, మూడు విజిళ్ళు రాగానే నన్నొక కేకెయ్యి పిన్నీ అని చెప్పి వచ్చేస్తారు. కేక వినగానే మీరేం చేస్తారు, తాలింపు వేస్తారా, ఇంకెవరినైనా పంపుతారా, అది పిన్నికి అనవసరం. విజిళ్ళు లెక్కపెట్టడం పిన్ని పని. వినగానే ఏం చెయ్యాలన్నది మీ పని. పిన్ని చేతికి మీ పనిని అప్పగిస్తారు, వేళ రాగానే ఆవిడ దాన్ని పిలుస్తుంది. పిన్నిని మీ వంటింటి వ్యవహారాల్లోకి లాగారో, చచ్చారే." పిల్లలు నవ్వుతారు. పరీక్షలో మాత్రం సగం మంది పిన్నిని వంటింట్లోకి లాగేస్తారు. నేను ఎర్రసిరాతో గీతలు కొట్టి, పేపరు మొహాన పడేసి, ముందు బెంచీల వాళ్ళను కూడా కలిపి తిడతాను.

అలాంటిదాన్ని, నా ఊరి లిఫ్టుకు రాసేటప్పుడు ఏం చేశాను? పెదమామయ్య రోజూ ఇంటి ముందు స్కూటరు ఆపి "అయిపోయిందా అమ్మాయ్?" అంటుంటే, నీళ్ళ వంతులు చూసే ఫైలులోనే నేరుగా ఫోను నంబర్లు దించేశాను. ఆ నంబర్లు ఎక్కడివి? ప్రెసిడెంటు ఇచ్చిన రిజిస్టరులోవి. ఆ రిజిస్టరును ఒక్కసారి కళ్ళు తెరిచి చదివితే చాలు. పద్నాలుగు వాల్వులకు ఎదురుగా పద్నాలుగు మగ నంబర్లు. నేను చదవలేదు, ఎక్కించాను. గురివింద గింజకు తన కింద నలుపు కనపడదంటారు, నాకూ కనపడలేదు.

మొదలుపెట్టిన రోజు అత్తయ్యతో గొప్పగా చెప్పాను. "ఇక మీరు వాల్వు దగ్గర కాపలా కాయక్కర్లేదు అత్తయ్యా. వంతు రాగానే మిషను మిమ్మల్ని పిలుస్తుంది. హాయిగా మీ పని చేసుకోండి." ఆవిడ తన చిన్న బటన్ల ఫోను తీసి నా చేతిలో పెట్టి, "మోత గట్టిగా ఇనపడేట్టు పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. ఆ ఫోను మా ఆయనా నేనూ మాట్లాడటానికి తప్ప ఇంకెందుకూ మోగదు. ఆవిడకు చదవడం రాదు, కాబట్టి పంపుహౌసు నంబరుకు పేరు కూడా పెట్టలేదు. తెలియని మోత మోగితే అది పంపుహౌసే అని చెప్పాను.

బుధవారం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అత్తయ్య వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఆ వేళప్పుడు ఆవిడ ఎప్పుడూ అలా ఖాళీగా కూర్చోరు. చేతులకు తోటమట్టి ఎండిపోయి ఉంది, ఫోను ఒళ్ళో ఉంది.

"ఏమైంది అత్తయ్యా?"

"వంతు దాటిపోయిందమ్మా."

"అదేంటి, ఫోను రాలేదా?"

"పొద్దుననగా ఫోన్ని సంచిలో ఏసి చెట్టుకు తగిలించి, చెవులు ఇటే పెట్టుకుని కలుపు తీశా. మోగితే గదా! మజ్జానం చూస్తే పదో వాల్వులో నీళ్ళు పారతన్నయ్." ఆవిడ నా మొహంలోకి చూశారు. "నువ్వు రాసిందే గదా. నీ మిషను కూడా మీ మామనే పిలిచిందా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం ఎవరి మీదో తెలియక చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో అటూ ఇటూ తిరిగాను.

మామయ్య నిమ్మకు నీరెత్తినట్టు వచ్చి మంచం మీద కూర్చున్నారు. అడిగితే చొక్కా జేబులోంచి ఫోను తీసి చూశారు.

"ఆఁ, ఏదో తెలవని నంబరమ్మా. కంపెనీవోళ్ళేమోనని కట్ చేశా. రోజుకి పది చేస్తారు నాయాళ్ళు."

"అది వాల్వు పిలుపు మామయ్యా! పంపుహౌసు నుంచి ఫోను వస్తుందని నిన్ననే కదా ఇంట్లో అందరికీ చెప్పింది!"

"చెప్పావా? ఏమో. పోనీలే, ఒక్క తడి పోతే కొంపేం మునగదు గదా."

మిరప పూతా పిందె మీద ఉంది. ఆ దశలో ఒక్క తడి తప్పిందంటే చెట్టు తన పూత తనే రాల్చుకుంటుంది. ఇది పల్నాట్లో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది. ఈయనకు తెలియదు. "కొంప మునిగింది మీది కాదు మామయ్యా, అత్తయ్యది" అన్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. నన్ను లోపలికి లాగినంత గట్టిగా వాళ్ళ నాన్నను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. ఆ ముక్కా అతని మొహం మీదే అన్నాను.

అప్పటికప్పుడు పెదమామయ్య దగ్గరకు వెళ్ళి, తొమ్మిదో వాల్వుకు రెండు గంటలు విడిగా ఇప్పించమని అడిగాను. "వంతంటే వంతేనమ్మా. ఇయ్యాల నీకిస్తే రేపు ఊరంతా నా ఇంటి ముందు కూర్చునిద్ది" అన్నారు. మొన్న ఆయన సొంత పత్తిచేనుకు మధ్యలో నీళ్ళు ఎలా పారాయో నేను అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ నా మీద నాకు మంటే.

ఆ రెండు రోజులూ అత్తయ్య కాలవలోంచి బిందెలతో నీళ్ళు మోసి ముందు వరసల మొదళ్ళలో పోశారు. ఎకరంన్నరకు బిందెలేం ఆనతాయి? గురువారం సాయంత్రం నేనూ నాలుగు బిందెలు మోశాను. ఐదోది మోసే సత్తువ లేక గట్టు మీద చతికిలబడ్డాను. చెట్ల కింద తెల్లటి పూత రాలి ఉంది. అత్తయ్య వంగి ఒక పువ్వు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి పారేసి, మళ్ళీ బిందె ఎత్తుకున్నారు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం పంపుహౌసు అరుగు మీద లిఫ్టు కమిటీ కూర్చుంది. ఆరుగురు మగవాళ్ళు, మామయ్య కూడా ఉన్నారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను.

"తోటలో ఎవరు పనిచేస్తారో వాళ్ళ నంబరుకే ఫోను పోవాలి. రిజిస్టరులో నంబర్లు మారుస్తాను" అన్నాను.

అరుగు మీద ఒక్కసారిగా కలకలం లేచింది.

"ఏందమ్మాయ్, మన ఆడోళ్ళ నంబర్లు తెచ్చి పంపుహౌసు గోడకి రాస్తావా?" అన్నారు పెదమామయ్య.

ఆపరేటరు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "నాకొద్దు తల్లో ఈ గోల. ఆడోళ్ళ ఫోన్లు నాకాడ ఉన్నయ్యని తెలిస్తే ఆళ్ళ మొగుళ్ళు నా కాళ్ళిరగ్గొడతారు. ఇద్దరు బిడ్డలున్నోణ్ణి."

"కలుపు తీసేటప్పుడు, కాయ కోసేటప్పుడు ఆడవాళ్ళు కావాలి. నీళ్ళకు పిలవాలంటే పరువు అడ్డమొచ్చిందా?" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది మీ సంగతి. మీరు వెళ్ళి వాల్వు తిప్పరు, తిప్పేవాళ్ళకు కబురు పోనివ్వరు."

మామయ్య తల వంచుకుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నారు. ఇక లాభం లేదని నేను కుక్కరు కథ ఎత్తుకున్నాను. అవును, కమిటీకి కూడా అదే పాఠం. నీళ్ళ ఫైలును పక్కింటి పిన్నిలా రాస్తానన్నాను. దానికి గంటలు లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ తెలియదు. నంబర్లన్నీ వేరే ఫైలులో, నా దగ్గర తాళం వేసి ఉంటాయి. ఏ వాల్వు వాళ్ళను ఎలా పిలవాలో ఆ పనిని ముందే పిన్ని చేతికి అప్పగిస్తాను. వేళ కాగానే పిన్ని ఆ పనిని పిలుస్తుంది. ఎవరి నంబరో ఆవిడకు తెలియదు. తెర మీద 'తొమ్మిదో వాల్వుకు కబురు పోయింది' అని మాత్రం పడుతుంది. ఆపరేటరుకు కూడా నంబరు కనపడదు.

"నాకు కనపడదా?" అన్నాడు ఆపరేటరు.

"కనపడదు."

"అయితే నాకేం ఇబ్బంది లేదు బాబాయ్" అన్నాడు పెదమామయ్యతో. ఆయన ఇంకెవరివైపూ చూడకుండా "సరే కానీ" అన్నారు. ఒప్పుకున్నందుకు సంతోషం కలగలేదు నాకు. పెళ్ళాం నంబరు ఎవరి కంటా పడకుండా దాస్తానంటే గానీ ఆవిడ చేనుకు నీళ్ళు పారనివ్వలేదు వీళ్ళు. తలుచుకుంటే ఇప్పుడు కూడా పళ్ళు పటపటలాడతాయి.

శనివారం పద్నాలుగు ఇళ్ళకూ, చేలకూ తిరిగి నంబర్లు తెచ్చాను. చాలామందికి తమ నంబరు తమకు తెలియదు, నా ఫోనుకు మిస్డ్ కాల్ ఇప్పించి రాసుకోవాల్సి వచ్చింది. పదకొండు మంది ఆడవాళ్ళు ఇచ్చారు. ముగ్గురి ఇళ్ళలో మాత్రం మగవాళ్ళు గుమ్మానికి అడ్డంగా నిలబడి "నాదే రాసుకో" అన్నారు. రాసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే పంపుహౌసులో కొత్త ప్రోగ్రాం నడిపాను. రెండో వంతు నడవాలి ఆ పూట. పెదమామయ్యా, కమిటీలో ఇంకో ఇద్దరూ వెనక నిలబడి చూస్తున్నారు. మీట నొక్కగానే తెర మీద వరసగా వచ్చాయి: ఒకటో వాల్వుకు కబురు పోయింది. రెండో వాల్వుకు కబురు పోయింది. మూడో వాల్వుకు... ఇంకా మోటారే వెయ్యలేదు, ఎవరి వంతూ కాలేదు, అందరికీ ఫోన్లు పోతున్నాయి. ఆపేలోపే పద్నాలుగూ అయిపోయాయి.

తప్పు ఏమిటో మరుక్షణమే తెలిసింది. ప్రతి ఏడూ పిల్లలు చేసే తప్పే, నేను ఎర్రసిరాతో సున్నా చుట్టే తప్పే. మూడు విజిళ్ళయ్యాక నన్ను పిలువు అని పిన్ని చేతికి పనిని అప్పగించాలి. నేను అప్పగించడం మానేసి, అప్పగించే చోటే ఆ పనిని చేసి పారేశాను. విజిలు రాకముందే నేనే కేక పెట్టానన్నమాట. "ఛీ, ఎద్దు మొద్దూ" అని నన్ను నేనే పైకి తిట్టుకున్నాను. ఆపరేటరు తననేమో అనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

దిద్దడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ ఈలోగా అవతల జరగాల్సింది జరిగింది. అటూ ఇటూ చేలల్లోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఎవరి వాల్వు వాళ్ళు తిప్పేసుకున్నారు. ఎక్కడా చుక్క రాకపోయేసరికి ఒక్కొక్కరే పంపుహౌసు వైపు నడిచి వచ్చారు. మోచేతుల దాకా బురద, కొంగులు బొడ్లో దోపి ఉన్నాయి, ఒకావిడ చేతిలో ఇంకా కలుపు కొడవలి ఉంది.

"ఎవురి వంతమ్మాయ్ ఇయ్యాల? నా ఫోనే మోగిందే!"

"నీదొక్కదానిదే ఏందమ్మా, నాదీ మోగింది!"

"ఏంది బావా ఈ పరాచకం? పొద్దున్నే మాకేం పనిల్లేదనుకున్నారా?" అని ఒక పెద్దావిడ నేరుగా ప్రెసిడెంటునే పట్టుకుంది.

నేను తప్పు నాదేనని చెప్పి చేతులు జోడించాను. తిట్టారు, పడ్డాను. తిట్లు అయ్యాక లెక్కపెట్టాను. పదకొండు మంది. అత్తయ్య కూడా ఉన్నారు వాళ్ళలో. కబురు పోయిన ఏడెనిమిది నిమిషాల్లో పదకొండు వాల్వులు తిరిగాయి. తిరగనివి మూడు. ఆ మూడూ ఏవో నేను చెప్పనక్కర్లేదు. ఆ మగవాళ్ళలో ఒకాయన మర్నాడు నన్ను దారిలో ఆపి "నిన్న ఏదో మిస్డ్ కాల్ వచ్చిందమ్మా, నువ్వేనా?" అని అడిగారు.

"చూశారా పెదమామయ్యా?" అన్నాను.

ఆయన గడ్డం గోక్కుని, "చూశాలే" అన్నారు. అంతకు మించి ఒక్క మాట రాలేదు ఆ నోట్లోంచి. నా ప్రోగ్రాం సరిగ్గా నడిచి ఉంటే ఆ మాత్రం కూడా వచ్చేది కాదు.

సోమ, మంగళ, బుధవారాలు వంతులు చక్కగా నడిచాయి. గురువారం తొమ్మిదో వాల్వు. చెట్ల మీద ఇంకా సగం పూత మిగిలి ఉంది. ఈ తడి కూడా తప్పితే ఇక కోసుకోవడానికి ఏమీ ఉండదని అత్తయ్య ముందు రోజే అన్నారు. పొద్దున బస్సెక్కేటప్పుడు "ఫోను దగ్గర పెట్టుకోండి" అని మూడుసార్లు చెప్పాను. కాలేజీలో ఉన్నానే గానీ మనసంతా ఇక్కడే. మధ్యాహ్నం రెండుసార్లు అత్తయ్యకు ఫోను చేశాను, ఎత్తలేదు. నీళ్ళు పారుతున్నాయేమో, చేతులు ఖాళీ లేవేమో అని సర్ది చెప్పుకున్నాను.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా తిన్నగా పంపుహౌసుకు వెళ్ళాను. తెర మీద చూశాను. తొమ్మిదో వాల్వుకు కబురు పోయింది. కాల్ కట్ చేశారు. మళ్ళీనా? దాని కింద ఇంకో వరస ఉంది: తొమ్మిదో వాల్వు తిరిగింది. రెండింటికీ మధ్య రెండు నిమిషాలు కూడా తేడా లేదు.

"నిజంగా తిరిగిందా?" అని ఆపరేటరును అడిగాను.

"తిరక్కేం, జోరుగా పారతన్నయ్. ఎళ్ళి చూసుకో" అన్నాడు.

తోటలో బోదెల మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. అత్తయ్య చీర మోకాళ్ళ పైకి ఎగదోసి, పారతో మట్టి అడ్డం వేసి మడవ కడుతున్నారు. గట్టు మీద అన్నం గిన్నె, మూట, పాత గొడుగు.

"ఫోను ఎందుకు కట్ చేశారు అత్తయ్యా? ప్రాణం పోయింది నాకు."

"నా కాడ ఏడుంది ఫోను? మీ మామ దాన్లో ఛార్జింగు లేదంట. తెల్లారగట్టే నాది జేబులో ఏసుకుని సెంటర్‌కి పోయాడు."

"మరి మీకు వంతు ఎలా తెలిసింది?"

"పొద్దున చీకటితో వచ్చి వాల్వు కాడ కూర్చున్నా. ఎనిమిదో వాల్వు పిల్ల తనది కట్టేసి, పిన్నీ ఇక నీదేనని కేకేసింది. తిప్పా." పార భుజాన వేసుకుని నా వైపు తిరిగారు. "ఏందమ్మా అట్టా చూస్తావు? ఇన్నేళ్ళలో ఎవురు పిలిస్తే ఎళ్ళా నేను?"

నేను గట్టు మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు అది. రెండు వారాలుగా నేను ఫైళ్ళు విడదీశాను, పనిని చేతికి అప్పగించాను, కమిటీతో కొట్లాడాను, అందరి నంబర్లూ దాచాను. ప్రోగ్రాంలో ఇప్పుడు ఒక్క తప్పు లేదు. అది సరిగ్గా అత్తయ్య నంబరుకే ఫోను చేసింది. ఆ ఫోను మాత్రం టీ కొట్టు బల్ల మీద మోగింది. అత్తయ్య మళ్ళీ తెల్లవారకముందే లేచి అదే ఇనప చక్రానికి కాపలా కాశారు, నేను రాకముందు లాగే.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకింది. మామయ్య అప్పటికే కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. అత్తయ్య కంచంలో అన్నం పెట్టి పచ్చడి వేస్తుంటే, ఆయన జేబులోంచి చిన్న ఫోను తీసి పక్కన పెట్టారు.

"ఇదిగోనే నీ ఫోను. పొద్దున ఎవురో కంపెనీవోళ్ళు చేశారు, కట్ చేశా."

నేను గుమ్మంలో ఉన్నాను. దాచుకున్నదంతా అనెయ్యడానికి నోరు తెరిచాను. అత్తయ్య నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డంగా ఊపారు, ఉండమని. ఫోను తీసుకుని కొంగుతో తుడిచి బొడ్లో దోపుకున్నారు.

"ఆ కంపెనీ నాదేనయ్యా" అన్నారు. గొంతు పెంచలేదు. "ఇంకోసారి దీన్ని ముట్టుకున్నావంటే, ఆ రోజు తొమ్మిదో వాల్వు కాడ నువ్వే కూర్చోవాల."

మామయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. రిజిస్టరులో మొన్నటిదాకా ఆ వాల్వుకు ఎదురుగా ఉన్నది ఆయన నంబరు.

"తొమ్మిదోదంటే ఏ గట్టు మీదుండిద్దే?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.